బ్యానర్ల వీధి నుంచి తాజ్‌మహల్ హోటలు దాకా

మీరు తాజ్‌మహల్ చూశారా? ఆగ్రాలోది కాదండీ బాబూ, బొంబాయిలోది! సముద్రం ఒడ్డున, గేట్‌వే ఆఫ్ ఇండియా పక్కన, ఎర్ర గుమ్మటాలు పెట్టుకుని దర్జాగా నిలబడ్డ హోటలు. వెళ్ళి ఉండకపోయినా చూసే ఉంటారు లెండి. హిందీ సినిమాలో హీరో పల్లెటూరు వదిలి బొంబాయి చేరాడని చెప్పాలంటే డైరెక్టర్లకి రెండు షాట్లు చాలు. ఒకటి వి.టి. స్టేషను, రెండోది ఈ తాజ్.

నేను అక్కడ గది తీసుకుని దిగడానికి వెళ్ళలేదు. అంత స్తోమతు నాకెక్కడిది? నేను దిగింది దాదర్లో ఒక లాడ్జిలో. మంచం మీంచి కాలు కింద పెడితే తలుపుకి తగిలే గది. మరి తాజ్‌కి ఎందుకు వెళ్ళానంటారా? గోడలు చూడ్డానికి!

నవ్వకండి. అదీ ఒక ఉద్యోగమే.

సినిమా జమీందారు ఇల్లు

నేను సినిమాల్లో ఒక ఆర్ట్ డైరెక్టరు గారి దగ్గర అసిస్టెంటుని. తెర మీద మీరు హీరోయిన్ని చూస్తుంటే నేను ఆమె వెనకాల గోడకున్న పటాన్ని చూస్తాను. ఆ పటం వెతికి తెచ్చి తగిలించింది నేనే కనక!

పోయిన ఏడాది గోదావరి జిల్లా నుంచి ఒక పెద్దాయన కబురు పెట్టారు. వాళ్ళ తాతగారు కట్టించిన మేడ. వందేళ్ళు దాటింది. పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టమని అందరూ చెప్పినా వినకుండా, పాత పద్ధతిలోనే సున్నం, టేకు, పెంకు వాడి బాగుచేయించి హోటలు పెడుతున్నారు. "గోడల మీద బొమ్మల సంగతి నువ్వు చూడవయ్యా" అన్నారు.

ఎగిరి గంతేశాను. రెండు రోజుల్లో జాబితా రాసిచ్చాను. తంజావూరు పటాలు నాలుగు, రవివర్మ ప్రింట్లు ఆరు, జింక తల ఒకటి (బొమ్మదేనండోయ్!), బంగారు అంచు అద్దం, గోడకి అడ్డంగా రెండు కత్తులు, మధ్యలో డాలు. ఆయన కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివారు.

"బాగుంది గానీ బాబూ, ఇది మా ఇల్లా, సినిమాలో జమీందారు ఇల్లా?"

చెంప మీద కొట్టినట్టయింది. ఆ ఇంట్లో కత్తి అనేది వంటింట్లో తప్ప ఎప్పుడూ లేదుట! వాళ్ళ తాతగారు ప్లీడరు. రాజూ కాదు, జమీందారూ కాదు.

ఆ రాత్రి నాన్నకి ఫోను చేసి నా గోడు వెళ్ళబోసుకున్నాను. అంతా విని ఆయన ఒకటే మాట అన్నారు.

"ఒరే, ఒకసారి బొంబాయి వెళ్ళి తాజ్ హోటలు చూసిరా. అక్కడ హుసేన్ బొమ్మలున్నాయి. హుసేనంటే ఎవరనుకున్నావు? మావాడే!"

మావాడే!

నాన్నకి హుసేన్ చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు. ఒక్కసారి కూడా కలవలేదు. 'మావాడు' అంటే మా పనివాడు అని.

మా నాన్న బెజవాడ గాంధీనగరంలో ముప్ఫై ఏళ్ళు సినిమా బ్యానర్లు వేశారు. ఫ్లెక్సీలు వచ్చాక పుట్టిన మీకు ఆ వైభవం తెలీదు. ముందు స్టిల్ ఫోటో మీద పెన్సిలుతో గళ్ళు గీసేవారు. అవే గళ్ళు పెద్దవి చేసి ఇరవై అడుగుల గుడ్డ మీద గీసుకునేవారు. గడికి గడి లెక్క చూసుకుంటూ బొమ్మ ఎక్కించేవారు. తర్వాత రంగులు. హీరో బుగ్గ మీద గులాబీ, గడ్డం కింద నీలం, ముక్కు పక్కన ఆకుపచ్చ. దగ్గర్నుంచి చూస్తే హోలీ ఆడొచ్చిన మొహంలా ఉండేది. రోడ్డు దాటి అవతలికెళ్ళి వెనక్కి తిరిగితే... సాక్షాత్తూ రామారావు!

సినిమా మారగానే అదే గుడ్డకి తెల్లరంగు కొట్టి ఇంకో బొమ్మ వేసేవారు. మరీ చిరిగిపోయినవి లారీల మీద పట్టాలుగానో, పాకల మీద కప్పుగానో పోయేవి. "హిట్టయితే నూరు రోజులు, ఫ్లాపయితే వారం. బొమ్మ ఆడినన్నాళ్ళే నా బొమ్మకి ఆయుష్షు" అనేవారు నాన్న. ఏడుస్తూ కాదు, నవ్వుతూనే.

ఇక హుసేన్ సంగతి. 1915లో పండరీపురంలో పుట్టిన మక్బూల్ ఫిదా హుసేన్ 1930ల్లో బొంబాయి చేరి, పొట్ట గడవడానికి సినిమా హోర్డింగులు వేశారు. చదరపు అడుగుకి ఇన్ని అణాలని కూలి. 1947లో సూజా, రజా వంటి వాళ్ళతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు మొదలుపెట్టారు. ఆ తర్వాత దేశంలో ఆయన పేరు తెలియని వాళ్ళు లేరు. సినిమా పిచ్చి మాత్రం వదల్లేదు. మాధురీ దీక్షిత్‌తో 'గజగామిని' (2000), టబుతో 'మీనాక్షి' (2004) తీశారు. 'మీనాక్షి'లో మూడు ఊళ్ళ కథ ఉంటుంది, అందులో ఒకటి మన హైదరాబాదే. బంజారాహిల్స్‌లో 'సినిమా ఘర్' అని ఒక మ్యూజియం కూడా పెట్టారు. కేసులూ, బెదిరింపులూ చుట్టుముట్టి 2006లో దేశం వదిలారు. 2011లో లండన్లో కన్నుమూశారు.

ఆయన వేసిన హోర్డింగు ఒక్కటి కూడా ఏ మ్యూజియంలోనూ నా కంటబడలేదు. కాన్వాసులు మాత్రం కోట్లు పలుకుతున్నాయి. చెయ్యి అదే కదా! మరి ఒకటి మిగలడం ఏమిటి, ఇంకోటి కొట్టుకుపోవడం ఏమిటి? ఈ ప్రశ్న జేబులో వేసుకుని బొంబాయి రైలెక్కాను.

ముందు హోటలు, తర్వాత గేట్‌వే

అదృష్టం కొద్దీ మాకు తెలిసిన ప్రొడక్షన్ మేనేజరు గారు ఒక యాడ్ ఫిలిం పని మీద తాజ్‌లోనే దిగారు. "ఏమయ్యా, ఆ చెప్పులు మార్చుకుని రా. నాతో తిప్పుతాను" అన్నారు. బూట్లు తొడుక్కుని వెళ్ళాను. గుమ్మం దగ్గర సోదా చేసి లోపలికి పంపారు. హోటల్లో దిగిన వాళ్ళకి బిల్డింగంతా తిప్పి చరిత్ర చెప్పే ఏర్పాటు ఉంది. మేనేజరు గారి తోకలా నేనూ వెంటపడ్డాను.

జంషెడ్‌జీ టాటా కట్టించిన ఈ హోటలు తెరిచింది 1903 డిసెంబరు 16న. మొదటి రోజు వచ్చిన అతిథులు పదిహేడుమందేనట! ఎదురుగా ఉన్న గేట్‌వే పూర్తయింది 1924లో. అంటే ఇరవై ఏళ్ళపాటు ఓడలో వచ్చే వాళ్ళకి ముందుగా కనిపించిన గుమ్మటం ఇదే. ప్లాను వేసిన వాళ్ళు సీతారాం ఖండేరావు వైద్య, డి.ఎన్. మీర్జా. పూర్తి చేసింది చాంబర్స్ అనే ఇంగ్లీషాయన.

బిల్డింగు తిరగేసి కట్టారనీ, ఆ దిగులుతో ఆర్కిటెక్టు ప్రాణం తీసుకున్నాడనీ ఒక కథ ఉంది. వట్టి కథే. అసలు గుమ్మం ఊరి వైపు పెట్టాలనే పెట్టారు. ఇప్పుడక్కడ ఈతకొలను ఉంది. మన సినిమా రచయితలకే కాదు, ఊళ్ళకి కూడా ఫ్లాష్‌బ్యాకులు అల్లడం వచ్చు!

పాత భవనం పక్కన ఆకాశంలోకి లేచిన టవరు 1973 నాటిది. నా గోడల కథ ఆ కాలంలోనే ఊపందుకుంది.

హుసేన్ ఎదురుగా

లాబీలోకి అడుగుపెట్టగానే గుర్తుపట్టాను. పేరు చదవక్కర్లేదు. లావుపాటి నల్లటి గీత, ఒక్క ఊపున లాగిన కుంచె. దగ్గరికి వెళ్ళాను. రంగు ముద్దలు తప్ప ఏమీ అర్థం కాలేదు. వెనక్కి నడిచాను. ఇంకా వెనక్కి. ఒక దొరసాని పెట్టెకి తగిలి పడబోయాను. ఇంకో నాలుగడుగులు వేసి తలెత్తితే... బొమ్మ మొత్తం లేచి నిలబడింది!

నాన్న బ్యానర్ కూడా అంతే కదా. ఇది రోడ్డవతల నుంచి చూసేందుకు వేయడం నేర్చిన చెయ్యి. హోర్డింగులు పోయినా, హోర్డింగు నేర్పిన దూరం హుసేన్ చేతిలోంచి పోలేదు. ఇది నా సొంత థియరీ. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఇంతకీ ఈ బొమ్మలు హోటల్లోకి ఎలా వచ్చాయి? స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో బొంబాయిలో కుర్ర చిత్రకారులకి బొమ్మలు కొనే నాథుడు లేడు. అప్పుడు ఆదుకున్నవి రాజదర్బార్లు కాదు, ఆఫీసులు! ఎయిరిండియా వాళ్ళు హుసేన్, గాయ్‌తోండే, బి. ప్రభ వంటి వాళ్ళ బొమ్మలు కొని తమ బుకింగు ఆఫీసుల్లో పెట్టుకున్నారు. కొలాబాలో అణుశాస్త్రం చదివే టాటా ఇన్‌స్టిట్యూట్‌కి హోమీ భాభా గారు కట్టడం ఖర్చులో నూటికి ఒక రూపాయి బొమ్మలకి కేటాయించేందుకు నెహ్రూ గారి దగ్గర అనుమతి తెచ్చుకున్నారు. అక్కడ హుసేన్ వేసిన పెద్ద కుడ్యచిత్రం ఉంది. తాజ్ వాళ్ళు హోటల్లోనే ఆర్ట్ గ్యాలరీ నడిపారు. టవరు కట్టే రోజుల్లో అలంకరణ పని చూసిన ఎలిజబెత్ కేర్కర్ దేశమంతా తిరిగి పాత వస్తువులూ, కొత్త బొమ్మలూ ఏరి తెచ్చారు. అప్పట్లో అవి పెద్ద ఖరీదైనవి కావు. ఈనాడు వాటికి వెల కట్టడమే కష్టం.

అక్కడే నా బుర్రలో బల్బు వెలిగింది. 1903 నాటి హోటలు కదా అని వాళ్ళు 1903 నాటి దొరల బొమ్మలతోనే గోడలు నింపి ఊరుకోలేదు. ఆ వీధుల్లోనే తిరుగుతున్న, ఆ ఊరి హోర్డింగుల మీద పనిచేసిన వాళ్ళ బొమ్మలు తెచ్చి పెట్టారు. పాత ఇంటికి పాతదనం కొని తేనక్కర్లేదు. ఆ ఊళ్ళో ఏం పుట్టిందో అది తెచ్చి పెట్టాలి. నా జాబితాలో కత్తీ డాలూ ఎందుకు తేలిపోయాయో అప్పుడర్థమైంది. అవి ఏ ఊరివీ కావు. ప్రాపర్టీ గోడౌనువి!

మసి కింద రంగు

పెద్ద గుమ్మటం కిందికి వచ్చాం. ఆ మెట్లు... 'మేజర్' (2022) చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. మన అడివి శేష్ వేసిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ 2008 నవంబరు 28న ప్రాణం ఇచ్చింది ఈ హోటల్లోనే. మన రాంగోపాల్‌వర్మ కూడా ఆ దాడుల మీద 2013లో సినిమా తీశారు. నవంబరు 26 రాత్రి మొదలైన ఆ ఘోరంలో ఇక్కడ 31 మంది చనిపోయారు. వాళ్ళ పేర్లు హోటల్లో చెక్కి ఉన్నాయి. ఆ పేర్ల ముందు మా గుంపులో ఎవరూ మాట్లాడలేదు. సెల్‌ఫోన్లు తియ్యలేదు.

టవరు నెల తిరక్కుండానే డిసెంబరు 21న తెరిచారు. పాత భవనం మాత్రం 2010 ఆగస్టు 15 దాకా తెరుచుకోలేదు. ఇరవై ఒక్క నెలలు! గుమ్మటం కింద పై అంతస్తు మంటల్లో బాగా దెబ్బతింది. గోడలు, కలప, గాజులతో పాటు బొమ్మలకీ వైద్యం చేయాల్సి వచ్చింది.

ఆ వైద్యం ఎలా ఉంటుందో బొమ్మలు బాగుచేసే ఒకావిడ నాకు తర్వాత చెప్పారు. తాజ్‌లో పనిచేసినావిడ కాదు, కానీ పని ఒకటే. మంట కంటే మంట తర్వాతిదే ఎక్కువ చేటుట. మసి ఉత్త దుమ్ము కాదు, జిడ్డు. రుద్దితే రంగులోకి దిగిపోతుంది. ఫైరింజన్లు కొట్టిన నీళ్ళకి కాన్వాసు ఉబ్బి, ఆరాక బిగిసి, రంగు పొరలు పొరలుగా లేస్తుంది. మూసి ఉంచిన గదిలో బూజు పడుతుంది. అందుకని ముందు బొమ్మని అడుగడుగూ ఫోటో తీసి, ఎక్కడ ఏం దెబ్బ తగిలిందో రాసుకుంటారు. లేచిన రంగుని జిగురుతో కూర్చోబెడతారు. అప్పుడు పుల్లకి చుట్టిన దూదితో అంగుళం అంగుళం తుడుస్తారు. దూది నల్లబడితే పారేసి ఇంకోటి. దూదికి రంగు అంటిందా, వెంటనే ఆపాలి.

"ఒక్కోసారి ఉమ్మితో కూడా తుడుస్తామండీ. దానికి మించిన మందు లేదు" అన్నారావిడ.

నాకు చటుక్కున నాన్న గుర్తొచ్చారు. హీరోయిన్ బుగ్గ మీద పొరపాటున చుక్క పడితే బొటనవేలు నాలిక్కి రాసుకుని తుడిచేసేవారు. అమ్మ తిట్టేది, "ఛీ, ఆ రంగులు కడుపులోకి పోతాయి" అని.

ఆ దూది లెక్క వింటుంటే, రైల్లో జేబులో వేసుకున్న ప్రశ్నకి సగం జవాబు దొరికింది. బొమ్మ గొప్పదై ఒక్కటే మిగలదు. ఎవరో ఒకరు దానికి నంబరు వేసి, ఫోటో తీసి, ఎండ తగలని గోడ చూసి, ఉప్పుగాలి సోకకుండా కాపాడి, కాలితే కూర్చుని తుడిస్తే మిగులుతుంది. మిగలాలని ఒకరు అనుకోవాలి. నాన్న బ్యానర్ల విషయంలో అలా ఎవరూ అనుకోలేదు. నాన్నతో సహా.

బియ్యం బస్తాల మీది ఘటోత్కచుడు

తిన్నగా బెజవాడ వెళ్ళాను. మా ఇంట్లో బియ్యం బస్తాల మీద కప్పే గుడ్డ ఒకటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. తిరగేసి పరిచాను. ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు! సగం మొహం, ఒక కన్ను, మెలితిరిగిన మీసం. 'మాయాబజార్' మళ్ళీ ఆడించినప్పుడు వేసిందిట. అడుగున చిరిగిపోతే హాలు వాళ్ళు వద్దన్నారు, ఇంటికి తెచ్చారు. అంతే. దాచుకుందామని కాదు.

"నాన్నా, దీన్ని ఆ మేడలో పెడతాను" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా? అది రోడ్డవతల నుంచి చూసే బొమ్మరా. హోటలు వరండాలో మూడడుగుల దూరం నుంచి చూస్తే ఏముంటుంది? పుండులా ఉంటుంది. నా పరువు తియ్యకు."

కోపంగానే అన్నారు. కానీ నాకు కావలసిన కొలత ఆయన నోటంటే వచ్చింది.

ఆ మేడలో నడిమి వాకిలి ఉంది. పైకి ఆకాశం, చుట్టూ రెండంతస్తుల వరండా. వీధి గేటు దగ్గర నిలబడితే వాకిలి దాటి, ఎదురుగా మెట్ల మీది గోడ కనిపిస్తుంది. టేపు పట్టి కొలిచాను. డెబ్భై అడుగులు. ఎండ నేరుగా పడదు, వాన జల్లు కొట్టదు. పెద్దాయనకి చూపించాను. ఆయన కాసేపు గేటు దగ్గర, కాసేపు మెట్ల దగ్గర నిలబడి, "మా నాన్నగారు ఈ సినిమాకి మమ్మల్నందర్నీ రెండెడ్ల బండి మీద తీసుకెళ్ళారయ్యా" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. ఒప్పుకున్నారనే అనుకున్నాను.

నా మొదటి జాబితా చింపేశాం. ఇప్పుడా గోడల మీద తాతగారి ప్లీడరు పట్టా, నరసాపురం లేసు పని చేసిన గుడ్డలు, కొండపల్లి బొమ్మలు చేసే ఒక కుర్రాడు వేసిన రంగుల బొమ్మలు ఉన్నాయి. దేనికీ పెద్ద ఖరీదు లేదు. ప్రతిదానికీ నంబరు ఉంది, ఫోటో ఉంది, ఏ గోడ, ఎవరి చెయ్యి అని రాసిన పుస్తకం ఉంది.

ఘటోత్కచుణ్ణి ఆవిడే బాగుచేసి ఇచ్చారు. చిరుగు కుట్టలేదు, వెనక గుడ్డ వేసి అలాగే ఉంచారు. తగిలించిన రోజున నాన్నని తీసుకెళ్ళాను. ఆయన బొమ్మ దగ్గరికి వెళ్ళనే లేదు. గుమ్మంలోంచే వెనక్కి తిరిగి, గేటు దాటి, రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డారు. ఆటో వాడు హారను కొట్టినా కదల్లేదు.

"ఎడం పక్క ఇంకో రెండంగుళాలు దించమను" అని అక్కణ్ణుంచే అరిచారు.

దించాం.

కింద చీటీ మీద నాన్న పేరు రాసి పెట్టాను. చదివి, జేబులోంచి పెన్ను తీసి కొట్టేశారు.

"నేనొక్కణ్ణే వేశానా? గళ్ళు గీసినవాడు వేరు, కిరీటం వేసినవాడు వేరు, అక్షరాలు రాసినవాడు వేరు. నేను మొహం వేశాను."

ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్ళ ఇంటిపేర్లు గుర్తు తెచ్చుకోవడానికి నాన్నకి ఒక పూట పట్టింది. కొత్త చీటీ మీద నాలుగు పేర్లూ రాశాను.